స్టీలా, ఫైబరా: చన్నీళ్ల పనికి డైవింగ్ హెల్మెట్ ఎంచుకున్నప్పటి నా అనుభవం

నాగార్జునసాగర్ హిల్ కాలనీలో మాది చిన్న డైవింగ్ టీమ్. క్రస్ట్ గేట్ల రబ్బరు సీళ్లు చూడటం, స్టాప్‌లాగ్ (గేటు బాగుచేసేటప్పుడు నీళ్లకు అడ్డంగా దించే పలక) గాడిలో ఇరుక్కున్న మొద్దులు తీయడం, పంప్‌హౌస్ ఇన్‌టేక్‌ల దగ్గర ట్రాష్ ర్యాక్‌లు (చెత్తను ఆపే ఇనుప కడ్డీల జల్లెడలు) శుభ్రం చేయడం, కెమెరాతో తీసిన వీడియో మీద రిపోర్టు రాసివ్వడం మా పని. జూరాల నుంచి కిందికి కృష్ణ మీద ఎక్కడ పిలిచినా కంప్రెసర్, గొట్టాలు బొలెరోలో వేసుకుని బయల్దేరతాం. మా నీళ్లతో ఉండే కష్టాలు వేరు. అడుగున బురద లేస్తే చెయ్యి కూడా కనపడదు, గేటు లీకయ్యే చోట నీళ్లు మనిషిని గుంజేస్తాయి. చలి మాత్రం మాకు ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. లోతుకు దిగితే ఒళ్లు కాస్త జిల్లుమంటుంది, అంతే.

అట్లాంటి మాకు హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ డ్యామ్ పని వచ్చింది. మంచు కరిగి వచ్చే నీళ్లు, చలికాలంలో పని, లోతు 45 మీటర్ల దగ్గర, నీటి వేడి 7, 8 డిగ్రీలు ఉండొచ్చని కాగితంలో రాసి పంపారు. మా దగ్గర ఉన్నది పాత ఫైబర్‌గ్లాస్ హెల్మెట్. ఇంకొకటి ఎట్లాగూ కొనాలి. కొనేదేదో ఈ చలికి పనికొచ్చేలా కొందామనుకున్నాం. ధర లక్షల్లో మాట, ఆ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. అందుకే ఇంట్లో కూడా అందరూ తలా ఒక సలహా ఇచ్చారు.

మొదటి సలహా మా బామ్మర్దిది. పైన గొట్టం పట్టుకునే టెండర్ పని అతనిదే. "బావా, లోతు ఎక్కువ గదా, స్టీలుదే తీసుకో. ఫైబర్‌దైతే ప్రెషర్‌కు పలుగుతది" అన్నాడు. చాలామంది ఇట్లాగే అనుకుంటారు. జలాంతర్గామి విషయంలో అది నిజమే, ఎందుకంటే దాని లోపల మామూలు గాలి పీడనమే ఉంటుంది. మన హెల్మెట్ అట్లా కాదు. నీళ్లు బయట ఎంత ఒత్తుతాయో, లోపల డైవర్ పీల్చే గాలి కూడా అంతే ఒత్తిడితో వస్తుంది. డొప్పకు రెండు వైపులా ఒకే బలం. 10 మీటర్లయినా 100 మీటర్లయినా లోతు వల్ల డొప్ప నలగదు. పైన గొట్టం తెగి గాలి వెనక్కి పోతే మాత్రం ప్రమాదం. దాన్ని ఆపేది సైడ్ బ్లాక్‌లో, అంటే గాలి గొట్టం వచ్చి హెల్మెట్‌కు కలిసే భాగంలో, ఉండే వన్‌వే వాల్వ్. అది పనిచేయకపోతే డొప్ప ఏ లోహంతో చేసినా లోపలి మనిషికి దిక్కులేదు. అందుకే రోజూ దిగే ముందు మేం పరీక్షించేది ఆ వాల్వ్‌నే.

లోతుకు బలం అక్కర్లేదని తేలాక మిగిలినవి చలి, దెబ్బ, బరువు, రిపేరు.

వెనకటి హెల్మెట్లు రాగివి, ఇత్తడివి. 1830లలో ఇంగ్లండ్‌లో సీబే మొదలుపెట్టిన తరహా గుండ్రటి హెల్మెట్లనే ప్రపంచమంతా వందేళ్లకు పైగా వాడింది. అమెరికా నేవీ 1916లో తీసుకున్న మార్క్ ఫైవ్‌ను 1980ల దాకా వదల్లేదు. సీసపు బూట్లు, బెల్టు, డ్రెస్సు అన్నీ కలిపితే మనిషి మీద 85 కిలోల పైనే ఉండేది. రాగిని కొట్టి గుండ్రంగా చేయడం తేలిక, తుప్పు పట్టదు. అప్పట్లో దాన్ని ఎంచుకోవడానికి కారణాలు అవి. చలికి మాత్రం రాగి ఏ కాస్తా అడ్డం కాదు. 1975లో కిర్బీ మోర్గాన్ వాళ్లు సూపర్‌లైట్ 17 అని ఫైబర్‌గ్లాస్ హెల్మెట్ తెచ్చాక కథ మారింది. ఇప్పుడు ఆ కంపెనీవే ఫైబర్‌వీ ఉన్నాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వీ ఉన్నాయి. మా బేరం కూడా 37 మోడల్ ఫైబర్‌దా, స్టీలుదా అన్న దగ్గరికి వచ్చింది. కార్బన్ ఫైబర్ గురించి కూడా అడిగాం గానీ ఎక్కువసేపు ఆలోచించలేదు. అది తేలిక, నిజమే. కానీ తడిలో తనకు ఆనుకున్న లోహాన్ని తినేస్తుంది, మొనతో తగిలే దెబ్బకు పగులుతుంది. ఇనుప కడ్డీల మధ్య తల దూర్చి పనిచేసే మాకు అది వద్దనిపించింది.

చలి లెక్క తేల్చింది నల్లగొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు. నేను ఫోన్‌లో అడిగితే ఆదివారం లెక్కలతో సహా వచ్చాడు. వేడిని పోనిచ్చే గుణం రాగికి దాదాపు 400, ఇత్తడికి 110, స్టెయిన్‌లెస్‌కు 16 అటూ ఇటూ, ఫైబర్‌గ్లాస్‌కు 0.3 దాకా ఉంటుందట. ఆ అంకెలు చూడగానే నాకు తేలిపోయింది. "ఇంకేంది, స్టీలు యాభై రెట్లు చల్లగుంటది. ఫైబరే తీసుకుందాం" అన్నాను.

"ఆగు మామా, డొప్ప ఒక్కదాన్నే చూస్తే ఎట్ల?" అన్నాడు వాడు. తల వేడి నీళ్లలోకి పోవాలంటే ముందు జుట్టు, తర్వాత హుడ్ (తలకు తొడిగే రబ్బరు టోపీ), స్పాంజి కుషన్, దాని పక్కన గాలి పొర, చివరికి డొప్ప దాటాలి. కాలువ మీద వరసగా ఐదు తూములుంటే, నాలుగు దించి ఉంచి ఐదోది పూర్తిగా ఎత్తినంత మాత్రాన చివరి పొలానికి నీళ్లేమీ ఎగబడి రావు, ఇదీ అంతే అని వివరించాడు. ఆ మాట నాకు తలకెక్కింది. కానీ కాగితం మీద లెక్క చూసి లక్షలు పెట్టడం మా బామ్మర్దికి ఇష్టం లేదు. "నీళ్లల్ల పెట్టి చూస్తే తెలుస్తది గదా" అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది.

ముంబై హై (సముద్రంలోని చమురు క్షేత్రం) వైపు పనిచేసే ఒక దోస్తు తన స్టీలు హెల్మెట్ కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చాడు. మిర్యాలగూడ నుంచి ఐస్ దిమ్మలు తెప్పించి పెరట్లో ఉన్న సిమెంటు హౌజులో వేశాం. నీళ్లు 5 డిగ్రీల దాకా దిగాయి. గాలి గొట్టం కూడా చుట్ట చుట్టి అందులోనే ముంచాం. మేనల్లుడు కాలేజీ ప్రాజెక్టుకు కొన్న సన్న తీగల సెన్సర్లు మూడు చోట్ల అంటించాడు: డొప్ప లోపలి గోడకు, కుషన్ కింద చెవి పక్కన, నోటి దగ్గర రబ్బరు మాస్కులో. డ్రై సూట్ (నీళ్లు లోపలికి రాని డ్రెస్సు) వేసుకుని మెడ దాకా మునిగి, తల వంచి నీళ్లలో పెట్టాను. మా గల్లీ మొత్తం గోడ మీదకెక్కి చూసింది. "ఎండలకు ఓర్వలేక ఐసుల గూసున్నడా ఏంది?" అని పక్కింటి పెద్దమ్మ అడుగుతుంటే, స్పీకర్ ఆన్‌లో ఉండబట్టి హెల్మెట్ లోపల నాకు వినపడింది.

స్టీలుదాని లోపలి గోడ దాదాపు నీళ్లంత చల్లగా ఉంది. ఫైబర్‌ది రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. చెవి దగ్గర మాత్రం రెండింటికీ తేడా పట్టి చెప్పడం కష్టమైంది. నోటి దగ్గర, ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ, రెండింటిలోనూ అంకె సర్రున ఒకే చోటికి పడిపోయింది: నీటి వేడి ఎంతో గాలి వేడి కూడా అంతే. కంప్రెసర్ నుంచి గాలి వెచ్చగా బయల్దేరినా, నీళ్లలో మునిగిన గొట్టం పొడుగునా వచ్చేసరికి చల్లారిపోతుంది. చలి తలలోంచి వస్తుందని నేను వెతుకుతుంటే అది నోట్లోంచి వస్తోంది.

లోతులో ఇది ఇంకా ముదురుతుంది. 45 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరిలో వచ్చే గాలి, ఒడ్డున పీల్చేదానికి ఐదు రెట్ల పైన చిక్కగా ఉంటుంది. అంటే ఒంట్లోంచి మోసుకుపోయే వేడి కూడా అన్ని రెట్లే. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీలుస్తూ కష్టపడే డైవర్ ఆ లోతులో, ఆ చల్లటి గాలికి ఊపిరి ద్వారానే 100 వాట్ల పైన వేడి పోగొట్టుకుంటాడని మేనల్లుడి లెక్క. స్టీలు డొప్పకూ ఫైబర్ డొప్పకూ ఉన్న తేడా, లోతులో గాలి చిక్కబడటాన్ని కలుపుకున్నా, 10 వాట్లు అటూ ఇటూ. డొప్ప దేనితో చేశారని నేను తల బద్దలు కొట్టుకుంటున్నది ఈ 10 వాట్ల కోసమన్న మాట.

నేవీలో డైవర్‌గా చేసి, తర్వాత ఉత్తర సముద్రంలో శాచురేషన్ డైవింగ్‌కు (రోజుల తరబడి లోతు ఒత్తిడిలోనే ఉండి చేసే పని) వెళ్లిన విశాఖ మిత్రుడు ఒకాయన ఉన్నారు. ఆయనకు ఫోన్ చేసి ఇదంతా చెబితే నవ్వారు. "మేం వంద మీటర్ల కింద హీలియం పీలుస్తామండీ. గాలితో పోలిస్తే దానికి వేడిని లాగే గుణం ఆరు రెట్లు. 150 మీటర్లు దాటితే పీల్చే గ్యాస్‌ను వేడి చేసి ఇవ్వాల్సిందే, అది రూలు. పైనుంచి వేడినీళ్లు గొట్టంలో వస్తాయి, సూటులోకి పోతాయి, అందులో కొంత హెల్మెట్ పక్కన గ్యాస్ వచ్చే దారి మీదుగా పారుతుంది. ఆ వేడినీళ్లు ఆగాయంటే స్టీలూ కాపాడదు, ఫైబరూ కాపాడదు. బెల్‌కు, అంటే మమ్మల్ని కిందికి దించే గదికి, తిరిగి రావడమే" అన్నారు. అంత లోతు పని మాది కాదు. 50 మీటర్లు దాటితే మామూలు గాలితో దిగనే కూడదు. అయినా ఆయన మాటతో నా ప్రశ్న మారింది. డొప్ప సంగతి వదిలి రెగ్యులేటర్ (ఊపిరికి తగ్గట్టు గాలి ఒత్తిడి తగ్గించి ఇచ్చే వాల్వ్), హుడ్, వేడినీళ్ల మీద పడ్డాను.

రెగ్యులేటర్ దగ్గర లోహమే మేలని తేలింది. ఒత్తిడి తగ్గుతూ గాలి వ్యాకోచించే చోట అది ఒక్కసారిగా చల్లబడుతుంది. 5 డిగ్రీల నీళ్లలో ఆ చోట సున్నా కిందికి పోవడం వింతేమీ కాదు. ఊపిరిలోని తేమ అక్కడ గడ్డకడితే వాల్వ్ మూసుకోక గాలి ధారగా పోతూనే ఉంటుంది. లోహపు బాడీ అయితే చుట్టూ ఉన్న నీటి నుంచే వేడి లాక్కుని ఆ చోటును గడ్డకట్టనివ్వదు. ప్లాస్టిక్ అయితే ఆ వేడి అందదు. తలకు పనికిరాదనుకున్న గుణమే ఇక్కడ రక్షణ. ఇంకో సంగతి మా సాగర్ వాళ్లకు తట్టనిది: ఉప్పునీళ్లు సున్నా కింద దాదాపు 2 డిగ్రీలకు గానీ గడ్డకట్టవు, డ్యామ్ నీళ్లు సున్నాకే కడతాయి. సముద్రపు చలికి తట్టుకున్నదని చెప్పి డ్యామ్‌కు తెస్తే సరిపోదు. వీపున ఉండే బెయిలవుట్ సిలిండర్‌కు (పైనుంచి గాలి ఆగితే వాడే అత్యవసర సిలిండర్) ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని ఫస్ట్ స్టేజ్‌లో, అంటే సిలిండర్ మీదే ఉండే మొదటి రెగ్యులేటర్‌లో, 200 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) నుంచి ఒక్క దెబ్బకు ఒత్తిడి దిగుతుంది. అందుకని దానికి నీళ్లు తగలకుండా మూసి ఉండే చలి కిట్ వేయించాం. కంప్రెసర్ ఫిల్టర్లు మామూలుకంటే ముందే మార్చేశాం. గాలిలో తేమ మిగిలితే అదే ముందు గడ్డకడుతుంది.

బరువు విషయంలో నాకున్న భయం ఒక్క తూకంతో పోయింది. ఫైబర్ తేలికని అందరూ అంటారు. డొప్ప తేలికే. కానీ లోపల గాలి ఉండబట్టి హెల్మెట్ నీళ్లలో పైకి లేస్తుంది, మెడను గుంజుతుంది. అది లేవకుండా ఫైబర్ హెల్మెట్‌కు ఇత్తడి బరువులు బిగిస్తారు. స్టీలుకు ఆ బరువు డొప్పలోనే ఉంటుంది. మొత్తం తూచితే ఫైబర్‌ది 13 కిలోల పైన, స్టీలుది 15కు కాస్త తక్కువ. తేడా కిలోన్నర, అది కూడా ఒడ్డున నిచ్చెన ఎక్కి దిగేటప్పుడే. నీళ్లలో రెండూ ఒక్కటే.

నన్ను స్టీలు వైపు తిప్పినవి దెబ్బలు, రిపేరు. మా పాత హెల్మెట్ నుదుటి పైభాగంలో వేలి గోరంత మచ్చ ఉండేది. ట్రాష్ ర్యాక్ దగ్గర పైనుంచి జారిన షాకిల్ (తాళ్లు కలిపే ఇనుప కొక్కెం) తగిలిన చోటది. పై రంగు పొర లేచి, కింద పీచు నారలు తెల్లగా కనపడుతుంటే వేలితో రుద్ది చూశాను. గరుకుగా, కాస్త తడిగా ఉంది. నీళ్లు పీచు పొరల మధ్యకు దిగితే డొప్ప లోపలే విడిపోవడం మొదలవుతుంది, అందుకే ఆ మచ్చను వదిలేయకూడదు. రిపేరు మామూలు బాడీ షాపులో చేయించేది కాదు. సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ చేయాలి. దానికి హెల్మెట్ ముంబై పంపాలి, వచ్చేదాకా పని బంద్. ముందు అద్దం బిగించే స్క్రూలు కూడా ఫైబర్‌లో పాతిన చిన్న ఇత్తడి మరల్లోకి పోతాయి. టార్క్ (బిగించే బలం) చూడకుండా తిప్పితే మర పాడై, మళ్లీ ముంబైనే దిక్కు. స్టీలు డొప్పకు అట్లాంటి షాకిలే తగిలితే చిన్న సొట్ట పడుతుంది. నల్లగొండ జిల్లాలో కూర్చుని పనిచేసేవాడికి ఈ తేడా 10 వాట్ల కంటే పెద్దది. ముంబైలోనో, స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌లోనో ఉండి, వీధి చివర వర్క్‌షాప్ ఉన్నవాడు ఫైబర్ తీసుకున్నా నేను తప్పు పట్టను.

స్టీలుకూ రోగాలు లేకపోలేదు. ఐస్ హౌజులోనే ఒకటి బయటపడింది. లోపలి గోడ చల్లగా ఉండబట్టి ఊపిరి తేమ అంతా దాని మీద చెమ్మగా పట్టి, బొట్లు బొట్లుగా కుషన్‌లోకి దిగింది. తడిసిన స్పాంజి చలిని ఆపదు. ఫైబర్‌లో ఈ చెమ్మ తక్కువ. స్టీలు తీసుకుంటే కుషన్లు రెండు జతలు ఉండాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి వాడాలి. నీళ్లలో కరెంటుతో కటింగ్ చేసేటప్పుడు లోహపు భాగాలను విద్యుత్ మెల్లగా తినేస్తుంది కాబట్టి స్టీలు హెల్మెట్‌ను ఆ పని తర్వాత ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. సాగర్‌లో మే నెల ఎండకు డెక్ మీద వదిలేస్తే పట్టుకోలేనంత కాలుతుంది, తడి గోనెసంచి కప్పాల్సిందే. దెబ్బ తగిలితే గుడి గంటలా మోగుతుందని మా బామ్మర్ది భయపెట్టాడు గానీ అంత లేదు.

చివరికి స్టీలుది కొన్నాం. పాత ఫైబర్‌దాన్ని ముంబై పంపి బాగుచేయించి స్టాండ్‌బై డైవర్‌కు (ఆపదొస్తే దిగడానికి ఒడ్డున సిద్ధంగా ఉండేవాడు) పెట్టాం. రెండింటి లోపలి సరుకు, అంటే రెగ్యులేటర్, సైడ్ బ్లాక్, మాస్కు, చాలావరకు ఒకటే కాబట్టి విడిభాగాల పెట్టె ఒక్కటి చాలు. ఇది కూడా లెక్కలోకి తీసుకున్నాం.

హిమాచల్‌లో నీళ్లు కాగితంలో రాసినంత చల్లగానే ఉన్నాయి. అదృష్టం, కాంట్రాక్టరు వేడినీళ్ల మెషిన్ పెట్టాడు. వేడినీళ్ల సూటు ఒంటికి సరిపోయింది. కానీ మా దగ్గర హెల్మెట్ పక్కన గ్యాస్ దారి మీద వేడినీళ్లు పారేలా కప్పే తొడుగు లేదు, దాని గురించి ముందే అడగాల్సిందని ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతాను. తల చుట్టూ ఐదు మిల్లీమీటర్ల హుడ్ ఉండటం వల్ల చలి పెద్దగా తెలియలేదు. పళ్లు మాత్రం జివ్వుమన్నాయి, పని మధ్యలో ఛాతీ లోపల చల్లటి గాలి తిరుగుతున్నట్టు అనిపించేది. పని వేగం పెంచి ఊపిరి ఎక్కువ తీసిన రోజు వణుకు తొందరగా వచ్చింది, నిదానంగా చేసిన రోజు రాలేదు. అద్దం మీద మసక రాకుండా ఫ్రీ ఫ్లో వాల్వ్ (అద్దం మీదికి గాలి ధారగా వదిలేది) కొంచెంగా తెరుస్తాం కదా, అక్కడ దాన్ని అరక్షణం తెరిచి మూయడం నేర్చుకున్నాం. వదిలేస్తే రెగ్యులేటర్ దగ్గర గాలి శబ్దం మారడం మొదలయ్యేది, అది గడ్డకట్టడానికి ముందు హెచ్చరిక. డ్యామ్ సముద్ర మట్టానికి బాగా ఎత్తున ఉండటం వల్ల డీకంప్రెషన్ టేబుల్ (పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే పట్టిక) కూడా అసలు లోతుకు కాకుండా, లెక్కకట్టిన ఎక్కువ లోతుకు చూడాల్సి వచ్చింది. అది సూపర్‌వైజర్ చూసుకున్నాడు.

స్టీలు డొప్ప అక్కడ కాంక్రీటుకు తగిలి రెండు చోట్ల గీతలు పడింది. తిరిగొచ్చాక పరీక్షిస్తే ఏమీ కాలేదు.

ఇప్పుడు బామ్మర్ది స్టాండ్‌బైకి కూడా స్టీలుదే కొందామంటున్నాడు. నేను ముందు వేడినీళ్ల తొడుగు, రెండో బెయిలవుట్‌కు చలి కిట్ అంటున్నాను. మళ్లీ చలికాలానికి పిలిచారు, అడ్వాన్సు వస్తే గానీ ఈ తగాదా తెగేలా లేదు.